తరగతి గదిలో జరిగే పరిశోధనకూ లెక్క ఉండాలి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

గోదావరి జిల్లాల్లోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో 19 ఏళ్లుగా ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతున్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని నేను. జీతాలు పెంచమనో, బదిలీలు ఆపమనో అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. రెండు బల్బులతో మొదలైన ఒక సంగతి మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను.

పోయిన ఏడాది నవంబరులో రెండో సంవత్సరం తరగతికి రెండు పాతకాలపు ఫిలమెంటు బల్బులు పట్టుకెళ్లాను. ఒకటి 60 వాట్లది, ఇంకొకటి 100 వాట్లది. ఈ రెండింటినీ సిరీస్‌లో కలిపి 230 వోల్టుల కరెంటు ఇస్తే ఏది ఎక్కువగా వెలుగుతుందని అడిగాను. ఏడెనిమిది మంది తప్ప తరగతి తరగతంతా 100 వాట్లదే అని చేతులెత్తింది. వీళ్లు ఓమ్ నియమం బడిలోనే చదివారు. అంతకు పది రోజుల ముందు జరిగిన మిడ్ పరీక్షలో కిర్కాఫ్ నియమాల మీద పది మార్కుల లెక్కను చాలామంది తప్పు లేకుండా చేశారు.

నేను జవాబు చెప్పలేదు. పక్కవాళ్లతో వాదించుకోమన్నాను. మొదట గుసగుసలు, తర్వాత గొడవ. పాలిటెక్నిక్ చదివి లేటరల్ ఎంట్రీలో వచ్చిన ఒక అమ్మాయి లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగించి, 60 వాట్ల బల్బు నిరోధం దాదాపు 880 ఓములు, 100 వాట్ల బల్బుది 529 ఓములు అని వేసి చూపించింది. "సిరీస్‌లో రెండింటి గుండా ఒకే కరెంటు పోతుంది కదా, మరి నిరోధం ఎక్కువ ఉన్నదే ఎక్కువ వెలగాలి కదా మేడం" అంది. అప్పుడు స్విచ్ వేశాను. 60 వాట్ల బల్బు వెలిగింది, 100 వాట్లది ఎర్రగా మినుకుమంటూ ఉండిపోయింది. వెనక బెంచీల నుంచి పిల్లలు లేచి నిలబడి చూశారు. అన్నేళ్ల నా బోధనలో అంత నిశ్శబ్దం నేను చూడలేదు.

ఆ రాత్రి నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. ఇది వాళ్లకు ఎన్నాళ్లు గుర్తుంటుంది? రెండు సెక్షన్లు నా చేతిలోనే ఉన్నాయి. ఒకదానిలో ఇలా వాదింపజేసి, రెండోదానిలో మామూలుగా బోర్డు మీద చెప్పి, నెల తర్వాత ఇద్దరికీ ఇలాంటిదే వేరే ప్రశ్న ఇస్తే తేడా తెలుస్తుంది కదా అనుకున్నాను. మర్నాడు మా విభాగాధిపతి గారిని అడిగాను. ఆయన మంచివారు, పిల్లలంటే ప్రేమ ఉన్నవారు. అంతా విని, "బాగుంది మేడం, కానీ ఇది స్కోపస్‌లో వస్తుందా?" అన్నారు. స్కోపస్ అంటే పరిశోధన పత్రికల అంతర్జాతీయ సూచిక. ఆయన్ని తప్పుపట్టను. ఏటా విభాగం నుంచి ఎన్ని పత్రాలు వచ్చాయో పైకి లెక్క పంపాల్సింది ఆయనే. ఆ లెక్కలో నా బల్బులకు చోటు లేదు.

ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో మీకు నాకంటే బాగా తెలుసు. సాంకేతిక విద్యను నియంత్రించే అఖిల భారత మండలి ఏఐసీటీఈ 2019లో పెట్టిన నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీతో పాటు కనీసం 6 పరిశోధన పత్రాలు ఉండాలి. 2016 నుంచి కేంద్రం ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ఇంజినీరింగ్ కళాశాలలకు పరిశోధన వాటా 30 శాతం. బోధన, వనరుల కింద ఇంకో 30 శాతం ఉంది. కానీ అది కొలిచేది విద్యార్థులు ఎందరు, అధ్యాపకులు ఎందరు, వాళ్లలో పీహెచ్‌డీలు ఎందరు, ఖర్చు ఎంత అన్నవే. తరగతి తలుపు మూసుకున్న తర్వాత లోపల ఏం జరుగుతుందో ఆ ర్యాంకులో ఎక్కడా కనిపించదు.

మా కళాశాలల్లో చాలావాటికి పరిశోధన చేసే ప్రయోగశాల లేదు, నిధి లేదు, తీరిక లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని నిబంధన. దాని మీద ల్యాబులు, ఇన్విజిలేషన్, అక్రిడిటేషన్ ఫైళ్లు, వేసవిలో జూనియర్ కళాశాలల చుట్టూ తిరిగి అడ్మిషన్లు తెచ్చే పని. ఆ తిరుగుడులో మండుటెండలో ఊరి అరుగు మీద కూర్చుని, ఇంటర్ పాసైన పిల్లవాడి తండ్రికి మా కళాశాల గొప్పలు చెప్పిన రోజులు నాకు ఇంకా సిగ్గుగానే గుర్తున్నాయి. ఇలాంటి మనిషిని ఏడాదికి రెండు పత్రాలు ఇవ్వమంటే ఏం చేస్తుంది? మా ఫోన్లకు సందేశాలు వస్తాయి. పత్రం సిద్ధంగా ఉంది, మొదటి పేరుకు ఇంత, నాలుగో పేరుకు ఇంత, ఫలానా నెలలో అచ్చవుతుంది అని. పేటెంట్లకూ అదే బేరం. పేటెంటు దరఖాస్తు ప్రచురితం కావడం వేరు, పేటెంటు మంజూరు కావడం వేరు. ఈ రెండింటికీ తేడా చూడని అప్రైజల్ ఫారాలు ఉన్నన్నాళ్లు ఆ బేరం ఆగదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2023 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా 10,000కు పైగా పరిశోధన పత్రాలను పత్రికలు ఉపసంహరించుకున్నాయి. నాసిరకం పత్రికలను ఏరివేయడానికి 2018లో ప్రకటించిన కేర్ జాబితాను విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీయే 2025లో ఎత్తివేసింది. పీహెచ్‌డీ థీసిస్ సమర్పించే ముందు పత్రం అచ్చు కావాలన్న నిబంధనను 2022లోనే తీసేసింది. సంఖ్య వెంట పరుగెత్తితే ఏమవుతుందో పైవాళ్లకు అర్థమైందన్నమాట. కింద మా దగ్గర మాత్రం పరుగు ఆగలేదు.

పరిశోధన వద్దని నేను అనడం లేదు. ఐఐటీలో, విశ్వవిద్యాలయ కళాశాలల్లో మంచి పని జరుగుతోంది, జరగాలి. నేను చెప్పేది ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో అత్యధికులు కూర్చునే మా అనుబంధ కళాశాలల గురించి. అక్కడ నానో పదార్థాల మీద కొత్త సంగతి కనిపెట్టమంటే అది జరిగే పని కాదు. కానీ మా ఎదుట రోజూ అరవై మంది పిల్లలు కూర్చుంటారు. వాళ్లకు ఏది అర్థమవుతోంది, ఏది కావడం లేదు, ఎందుకు కావడం లేదు అనేది ఇంతవరకూ మా దగ్గర ఎవరూ సరిగా చూడని రంగం. దానికి కావలసిన ప్రయోగశాల మాకు ఉంది. అదే మా తరగతి గది.

వేరే దేశాల్లో దీన్ని శాస్త్రంగానే చూస్తున్నారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2004లోనే ఇంజినీరింగ్ విద్య మీద ప్రత్యేక విభాగం పెట్టింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్రవేత్త, తన విద్యార్థులు లెక్కలు చేయగలిగినా మూల భావన దగ్గర తడబడుతున్నారని గమనించి, 1991 నుంచి పిల్లల చేత ఒకరికొకరు చెప్పించే పద్ధతి మొదలుపెట్టారు. నేను బల్బులతో చేసింది దాని చిన్న రూపమే. 2014లో సైన్స్, ఇంజినీరింగ్, గణితం తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఉపన్యాసం ఒక్కటే విన్న తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పితే, పిల్లల చేత పని చేయించిన తరగతుల్లో తప్పింది 21.8 శాతం. మన దేశంలోనూ ఐఐటీ బొంబాయిలో 2010 నుంచి విద్యా సాంకేతికతలో పీహెచ్‌డీ ఉంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కూడా ఆ దారి పట్టాలన్నదే నా కోరిక.

అయితే ఆ 225 అధ్యయనాలూ నా తరగతి గురించి చెప్పలేవు. నా పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగులో ఆలోచిస్తారు, పుస్తకం ఇంగ్లీషులో చదువుతారు, నేను రెండూ కలిపి చెప్పింది వింటారు, మళ్లీ ఇంగ్లీషులో రాస్తారు. తనిఖీ బృందం వచ్చిన రోజు మాత్రం అందరం ఇంగ్లీషులోనే మాట్లాడతాం. ఆ రోజు ప్రశ్న అడిగే పిల్లలు తగ్గిపోతారు, ఇది నేను ఏటా చూస్తున్నాను. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఇంజినీరింగ్‌కు అనుమతి ఇచ్చింది, పుస్తకాలు అనువదించింది. సంతోషమే. కానీ "ఇండక్టెన్స్" అన్న మాటను అలాగే ఉంచి, కారణం మాత్రం తెలుగులో వివరిస్తే బాగా అర్థమవుతుందా, లేక మాట కూడా తెలుగే కావాలా? ట్రాన్స్‌ఫార్మర్ పాఠం మొదట తెలుగులో చెప్పి తర్వాత ఇంగ్లీషులోకి వస్తే పిల్లవాడు పరీక్షలో ఎలా రాస్తాడు? వీటికి జవాబు పర్డ్యూలో దొరకదు. కాకినాడలో, అనంతపురంలో, విజయనగరంలో పాఠం చెప్పేవాళ్లే వెతకాలి. ఇంత పెద్ద ప్రశ్న ఎదురుగా ఉండగా మా చేత ఎవరూ చదవని పత్రాలు రాయించడం నాకు బాధగా ఉంది.

ప్రశ్నపత్రం సంగతి కూడా చెప్పాలి. ఇంజినీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో మన దేశం 2014లో పూర్తి స్థాయి సభ్యురాలైంది. విద్యార్థి చదువు ముగిసేసరికి ఏం చేయగలగాలో ముందే నిర్ణయించుకుని పాఠం చెప్పాలన్నది దాని సారం. నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే ఆలోచన అది. ఈ మధ్య నా ముందు రెండు ప్రశ్నపత్రాలు పెట్టుకుని చూశాను. ఒకటి నేను చేరిన కొత్తలోది, రెండోది ఇటీవలిది. కొత్తదానిలో ప్రతి ప్రశ్న పక్కన ఏ కోర్సు ఫలితానికి చెందింది, ఆలోచన లోతును మెట్లుగా విడదీసే బ్లూమ్ స్థాయి ఎంత అని రెండు గళ్లు వచ్చాయి. ప్రశ్న మాత్రం అదే. డీసీ షంట్ మోటారు వేగాన్ని నియంత్రించే పద్ధతులను పటం సహాయంతో వివరించుము. పక్కన స్థాయి మూడు అని ఉంది, అంటే అన్వయం. బజారులో దొరికే గైడులోని నాలుగు పేజీలు కంఠస్థం చేస్తే చాలే దానికి అన్వయం అని పేరు పెడితే అన్వయం అయిపోతుందా? సెమిస్టర్ అయ్యాక ఆ గళ్లన్నీ కలిపి, లక్ష్యం ఎంతవరకు చేరామో చూపే అటైన్‌మెంట్ పట్టికలు వేస్తాం. నేనూ వేశాను. లక్ష్యం చేరలేదని వస్తే లక్ష్యాన్ని కొంచెం దించమని ఒకసారి పైనుంచి మాట వచ్చింది, దించాను కూడా. ఆ పని చేసినందుకు ఇప్పటికీ మనసు ఒప్పుకోవడం లేదు.

ఇక మీరు చేయగలిగిన పనులు. విశ్వవిద్యాలయాలు అనుబంధ కళాశాలల అధ్యాపకులను రాటిఫై చేసేటప్పుడు, అంటే వాళ్ల నియామకాన్ని ఆమోదించేటప్పుడు, వాళ్లు తమ తరగతిలో చేసిన అధ్యయనాన్ని ఒక పరిశోధన పత్రంతో సమానంగా చూడమని ఉన్నత విద్యామండలి ద్వారా ఆదేశించండి. ఏఐసీటీఈ నిబంధన మార్చే అధికారం మీ చేతుల్లో లేకపోవచ్చు, కానీ ఆ నిబంధనకు అదనంగా మన రాష్ట్రం విలువ ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇవి కూడా కొనుక్కుంటారేమో అని మీ అధికారులు అనవచ్చు. ఆ భయం నిజమే. కానీ కొన్న పత్రం ఎక్కడ తయారైందో ఎవరికీ తెలియదు, తరగతి గది మాత్రం ఎదురుగా ఉంటుంది. ఒక సీనియర్ అధ్యాపకుడిని పంపి వెనక బెంచీలో గంటసేపు కూర్చోబెడితే చాలు.

దానికంటే సులువైనది ఇంకొకటి ఉంది. జవాబుపత్రాలు కంప్యూటర్ తెర మీద దిద్దుతున్న చోట ప్రతి విద్యార్థికి ప్రతి ప్రశ్నకు వచ్చిన మార్కు విశ్వవిద్యాలయం దగ్గరే ఉంటుంది. ఏ యూనిట్ దగ్గర రాష్ట్రమంతా పిల్లలు కూలబడుతున్నారో అందులో ఉంది. మాకు మొత్తం మార్కు తప్ప ఇంకేమీ రాదు. పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు తీసేసి ఆ వివరాలు పాఠం చెప్పేవాళ్లకు ఇవ్వండి. పైసా ఖర్చు లేని పనికి ఇంత ఆలస్యం ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

శిక్షణ గురించి ఒక్క మాట. హైస్కూల్లో పాఠం చెప్పాలంటే బీఈడీ చదవాలి. ఇంజినీరింగ్ కళాశాలలో మాత్రం ఎంటెక్ పట్టా చేతికొచ్చిన మర్నాడే అరవై మంది ముందు నిలబెడతారు. నన్నూ అలాగే నిలబెట్టారు. మొదటి ఏడాది నా చేతుల్లో తప్పిన పిల్లలను తలచుకుంటే వాళ్లకు నేను క్షమాపణ చెప్పుకోవాలనిపిస్తుంది. ఏఐసీటీఈ ఆన్‌లైన్‌లో 8 మాడ్యూళ్ల శిక్షణ పెట్టింది, మంచిదే. కానీ తెర మీద చూసి ఈత నేర్చుకోలేము. కొత్తగా చేరినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో సగం పనిభారం మాత్రమే ఇచ్చి, మిగతా గంటలు అనుభవం ఉన్నవారి తరగతిలో కూర్చోనివ్వాలి. కళాశాలలు ఖర్చు అంటాయి. ఫీజులు నిర్ణయించే కమిషన్ ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోవాలి.

ఆ రెండు బల్బులూ హోల్డర్లతో సహా నా బల్ల సొరుగులోనే ఉన్నాయి. ఈ నవంబరులో రెండు సెక్షన్లకు నేనే పాఠం చెబుతున్నాను. లెక్కలోకి వచ్చినా రాకపోయినా ఈసారి ఆ అధ్యయనం చేస్తున్నాను, మా విభాగాధిపతి గారు సరేనన్నారు. ఒక సెక్షన్‌లో వాదన, ఇంకో సెక్షన్‌లో బోర్డు, నెల తర్వాత ఇద్దరికీ ఒకే ప్రశ్న. అది ముగిశాక బోర్డు సెక్షన్ పిల్లలకు కూడా బల్బులు వెలిగించి చూపిస్తాను. డిసెంబరు చివరికి ఫలితాలు ఒక పేజీలో, తెలుగులో రాసి మీ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాను. ఎలా వచ్చినా, నేను అనుకున్నదానికి వ్యతిరేకంగా వచ్చినా, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. దయచేసి దాన్ని చదివి, ఉన్నత విద్యామండలికి పంపండి.

భవదీయురాలు,
ఒక ఇంజినీరింగ్ అధ్యాపకురాలు