పోలిక ఉంటే చుట్టరికం ఉన్నట్టేనా?

సంపాదకులకు,

ఆర్కిటిక్ కాడ్ చేపకూ, అంటార్కిటికాలోని నోటోథెనియాయిడ్ చేపలకూ రక్తం చలికి మంచుగా మారకుండా కాపాడే ప్రొటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. అది చూసి రెండూ దగ్గరి చుట్టాలనుకుంటే పొరపాటే. ఆ ప్రొటీన్లు విడివిడిగా పుట్టాయని 1997లో జన్యు పరిశోధన తేల్చింది. శరీరమూ అదే చెబుతుంది. కాడ్‌కు వీపున మూడు రెక్కలు, లోపల నీటిలో తేలడానికి తోడ్పడే గాలితిత్తి ఉంటాయి. నోటోథెనియాయిడ్లకు గాలితిత్తి లేదు, ముక్కుకు ఒక్కో పక్క ఒకటే రంధ్రం, ఛాతీ రెక్క మొదట్లో పలకల్లాంటి మూడు ఎముకలు. గాలితిత్తి లేకపోవడం ఒక్కటే పట్టుకుంటే మళ్లీ తప్పు దారే! ఆర్కిటిక్ అడుగున తిరిగే స్కల్పిన్ చేపలకూ అది ఉండదు. నాలుగైదు లక్షణాలు కలిపి చూడాలి.

ఎముకలను చూసే పద్ధతిలోనూ జాగ్రత్త కావాలి. మృదులాస్థికి ఆల్షియన్ బ్లూ అనే నీలిరంగు, ఎముకకు అలిజరిన్ రెడ్ అనే ఎర్రరంగు పట్టించి, ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కండను పారదర్శకం చేసి, గ్లిజరిన్‌లో ఉంచుతారు. నీలిరంగు ద్రావణంలో ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. చిన్న చేపను అందులో ఎక్కువసేపు వదిలేస్తే కాల్షియం కరిగిపోయి ఎముకకు ఎరుపు అంటదు. నోటోథెనియాయిడ్లలోనే ఒక రకమైన ఐస్‌ఫిష్ ఎముకల్లో ఖనిజం అసలే తక్కువ. ఉన్న ఎముకను లేదని రాసేస్తే వంశవృక్షంలో ఆ చేప కొమ్మే మారిపోతుంది. మీ విజ్ఞాన పేజీలో ధ్రువాల చేపల గురించి వేసేటప్పుడు ఈ ఎముకల బొమ్మలు కూడా పక్కపక్కన వేయండి.

– చేపల శరీరనిర్మాణ శాస్త్ర అధ్యాపకులు