పన్ను సలహా విభాగం – వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఐఆర్ఎస్ (అమెరికా ఫెడరల్ పన్ను శాఖ) నోటీసులు అందుకున్నవారికి దారి చూపడం, ఫెడరల్ ఆదాయపు పన్ను లాయర్ కావాలనుకునే మన పిల్లలకు ఆ వృత్తి గురించి చెప్పించడం: ఈ ఏడాది విభాగం చేసిన పనులు ఈ రెండే.

ముందు నోటీసుల సంగతి. మీరు ఇంకా పన్ను బాకీ ఉన్నారని చెప్పే ‘నోటీస్ ఆఫ్ డెఫిషియన్సీ’కి గడువు కవరు మీ చేతికందిన రోజు నుంచి కాదు, ఐఆర్ఎస్ దాన్ని పోస్ట్ చేసిన తేదీ నుంచి మొదలవుతుంది. 90 రోజుల్లో టాక్స్ కోర్టులో పిటిషన్ వేయాలి. నోటీసు విదేశీ చిరునామాకు వెళితే 150 రోజులు. ఈలోగా ఐఆర్ఎస్ వాళ్లతో ఎన్నిసార్లు ఫోన్లో మాట్లాడినా గడువు ఆగదు. సభ్యులు పప్పులో కాలేసేది ఇక్కడే. పిటిషన్ ఫీజు 60 డాలర్లే. గడువు దాటితే సాధారణంగా ముందు పన్ను కట్టి, రిఫండ్ అడిగి, ఆ తర్వాత వేరే కోర్టుకు వెళ్లాలి. ఇల్లు మారితే ఫారం 8822 పంపండి. ఐఆర్ఎస్ దగ్గరున్న చివరి చిరునామాకు పంపితే, మీకు చేరకపోయినా నోటీసు చెల్లుతుంది.

ఇండియాలోని బ్యాంకు ఖాతాలు చూపించకుండా ఉండిపోతే వెళ్లాల్సింది లాయర్ దగ్గరకా, సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) దగ్గరకా అని చాలామంది అడిగారు. మరచిపోయిన ఫారాలు నింపడానికి సీపీఏ చాలు. కావాలనే దాచారని ఐఆర్ఎస్ అనుకునే అవకాశం ఏమాత్రం ఉన్నా ముందు లాయర్ దగ్గరకే వెళ్లండి. సీపీఏతో మాటలకున్న పరిమిత గోప్యత క్రిమినల్ కేసులో పనికిరాదు. న్యాయసలహా కోసం లాయర్‌తో చెప్పినదానికి రక్షణ ఉంటుంది. అవసరమైతే సీపీఏని లాయరే నియమించుకుంటారు. 1961 నాటి కోవెల్ తీర్పు నుంచి ఈ పద్ధతి నడుస్తోంది.

ఇక వృత్తి సంగతి. మూడేళ్ల జేడీ (అమెరికా లా డిగ్రీ), లాయర్ లైసెన్సు కోసం రాసే బార్ పరీక్ష తప్పవు. టాక్స్‌లో ఏడాది ఎల్ఎల్ఎం తప్పనిసరి కాకపోయినా ఈ రంగంలో దానికి విలువ ఎక్కువ. ఎన్‌వైయూ, జార్జ్‌టౌన్, ఫ్లోరిడా కోర్సులకు మంచి పేరుంది. ఇండియాలో ఎల్ఎల్‌బీ చేసినవారికో హెచ్చరిక: ఎల్ఎల్ఎం ద్వారా న్యూయార్క్ బార్‌కు అర్హత కావాలంటే అందులో నిర్ణీత సబ్జెక్టుల క్రెడిట్లు ఉండాలి, అన్నీ టాక్స్ సబ్జెక్టులే తీసుకుంటే కుదరదు. చదువుతుండగానే అల్పాదాయ పన్నుదారుల క్లినిక్‌లో చేరితే సీనియర్ల పర్యవేక్షణలో నిజమైన కేసులు చూడొచ్చు. కోర్టులో వాదించాలని ఉవ్విళ్లూరేవారికి మాత్రం కాస్త నిరాశే. ఎక్కువ కేసులు ఐఆర్ఎస్ అప్పీల్స్ ఆఫీసులోనో, విచారణకు ముందు రాజీలోనో తేలిపోతాయి; రోజులో సింహభాగం చదవడం, రాయడం.

వచ్చే ఏడాది ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఫారం) శిబిరం అక్టోబర్ 15 గడువుకు ముందే పెడతాం. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఇది మీకు వర్తిస్తుంది. అమ్మానాన్నల ఖాతాలో మీ పేరు చేర్చి ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది. వచ్చేటప్పుడు ఒక్కో ఖాతా నంబరు, బ్యాంకు చిరునామా, ఆ ఏడాది గరిష్ఠ నిల్వ రాసి తెచ్చుకోండి. రూపాయలను డాలర్లలోకి మార్చేది డిసెంబర్ 31 నాటి ట్రెజరీ రేటుతో, గూగుల్ చూపించే ఆనాటి రేటుతో కాదు.