బ్యాగ్ సైడ్ జిప్ కూడా తెరిచి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది కావలి. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు మా వీధిలోనే పదికి పైన ఉన్నాయి, వీసా స్లాట్ల వార్తలు మీ పేపర్లో పొద్దున్నే చదువుతాం, కానీ బ్యాగ్‌లో మర్చిపోయిన ఒక్క తూటాతో వచ్చే కష్టం గురించి మాత్రం ఎక్కడా కనపడలా, అందుకే నేనే రాస్తన్నా.

మా అక్క కొడుకు టెక్సాస్‌లో హెచ్‌1బీ మీద ఉన్నాడు. ఆడ కూడా అడవి పందులు పొలాలు తొక్కేస్తాయంట, మన ఉదయగిరి సైడ్ రైతులు పడే బాధే. ఈడ పర్మిషన్ లేకుండా కాలిస్తే వన్యప్రాణి చట్టం కింద కేసు, ఆడ ప్రైవేట్ పొలంలో ఓనర్ ఒప్పుకుంటే 2019 నించి పందులకి హంటింగ్ లైసెన్స్ కూడా అడగరు. కానీ స్టూడెంట్ వీసా, హెచ్‌1బీ వాళ్ళు తుపాకీ ముట్టుకోవాలంటే ఫెడరల్ చట్టం వేరే ఉంది, మామూలుగా హంటింగ్ లైసెన్స్ ఉండి తీరాలి. మావాడు తీసుకున్నాడు, తీసుకోకుండా ఫ్రెండ్స్‌తో పోయే పిల్లలు దయచేసి ఆగండి.

పోయినేడు సెలవులకి వచ్చినాడు. వేటకి పోయే చిన్న బ్యాగ్‌ని పెద్ద సూట్‌కేస్‌లో మడిచి తెచ్చినాడు, వచ్చేటప్పుడు ఎవరూ ఆపలా. తిరిగి పోయేటప్పుడు అదే బ్యాగ్ భుజానికి తగిలించుకున్నాడు. మా అక్క గోంగూర పచ్చడి కారకుండా మూడు కవర్లు చుట్టింది, మామిడి తాండ్ర పేపర్లో పెట్టింది, ఆ సైడ్ జిప్ మాత్రం ఎవరం తెరవలా. ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో ఒక్క తూటా దొరికింది. నేను పోలీస్ స్టేషన్‌కి పోయేసరికి దాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, చీటీ అంటించి, లక్కతో సీల్ చేస్తన్నారు, నా చిటికెనవేలంత కూడా లేదు. "మావా, అది దాంట్లో ఉందని నాకే తెలీదు" అని ఒకటే ఏడుపు.

తుపాకీ లేకపోయినా లైసెన్స్ లేని తూటా ఒక్కటున్నా చాలు, 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 25 పడుద్ది. తెలిసి పెట్టుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది, కానీ తెలీదని తేలేదాకా లాయర్, బెయిల్, హైకోర్టు అన్నీ మనమే తిరగాలి. ఎనిమిది నెలలు పట్టింది. మా అక్కకి బీపీ అప్పుడు మొదలైంది, ఇంకా తగ్గలా.

సక్రమంగా చేస్తే దారి లేకపోలేదు. మావాడి ఫ్రెండ్ ఒకాయన, గ్రీన్‌కార్డ్ ఉంది, వేటకి దక్షిణాఫ్రికా పోతా ముందే తుపాకీని అమెరికా కస్టమ్స్ ఆఫీసుకి తీసకపోయి 4457 అనే ఫారం మీద సీరియల్ నంబర్ రాయించి స్టాంప్ వేయించుకున్నాడు. ఆడ దిగినాక పోలీసోళ్ళ పర్మిట్‌కీ, మళ్ళీ ఇంటికొచ్చేటప్పుడు ఇది నాదే అని చూపించడానికీ ఆ కాగితమే ఆధారం. తుపాకీ ఖాళీగా, తాళమేసిన గట్టి పెట్టెలో, కౌంటర్‌లో చెప్పి లగేజీలో వేయాల, తూటాలు మామూలుగా 5 కిలోలు దాటకూడదు. అయితే అదే పెట్టె పట్టుకోని మన దేశానికి వస్తానంటే కుదరదు, శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్ళకి ఒక్క తుపాకీకి వీలున్నా ఈడి లైసెన్స్ ఉండాలి, డ్యూటీ కట్టాలి.

పచ్చళ్ళు ఎన్ని కిలోలు పట్టుకుపోవచ్చో మన ట్రావెల్ ఏజెంట్లు ఓపిగ్గా చెప్తారు, ఈ మాట కూడా టికెట్‌తో పాటే చెప్పమని అడుగుతున్నా. మీరు కూడా డిసెంబర్‌లో, సంక్రాంతికి పిల్లలు ఆడ ఫ్లైట్ ఎక్కకముందే, దీని మీద ఒక వార్త వెయ్యండి సార్.

ఇట్లు,
ఒక మేనమామ, కావలి