సావిత్రి గారి గురించి సగమే రాస్తారెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో సావిత్రి గారి మీద వేసిన వ్యాసం చదివాను. రెండు పేజీలు ఇచ్చారు, సంతోషం. కానీ అందులో పేజీన్నర తాగుడు, అప్పులు, కోమా. చిర్రావూరులో పుట్టిన దగ్గర్నుంచి 'మిస్సమ్మ' దాకా ఒక్క పేరాలో తేల్చేసి, పైగా 'అదృష్టం కలిసొచ్చింది' అనేశారు. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

ఏం అదృష్టమండీ? నెలల పిల్లగా ఉన్నప్పుడే తండ్రి పోతే, పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య గారు బెజవాడలో పెంచి, డాన్సు నేర్పించి, నాటకాలు వేయించి, ఆ పిల్లను వెంటబెట్టుకుని మద్రాసులో స్టూడియోల చుట్టూ తిరిగారు. 'సంసారం' (1950)లో ఎల్వీ ప్రసాద్ గారు పెద్ద వేషమే ఇచ్చారు గానీ ఎదురుగా అక్కినేనిని చూసి కంగారు పడిపోవడంతో అది కాస్తా చేజారి, ఏదో చిన్న పాత్ర మిగిలింది. మరుసటి ఏడాది 'పాతాళభైరవి'లో ఒక్క డాన్సు. ఇంకొకరైతే బెజవాడ రైలెక్కేసేవారు. అదే ఎల్వీ ప్రసాద్ గారి 'పెళ్ళిచేసి చూడు'లో 1952లో రెండో హీరోయిన్‌గా నిలబడిందంటే, ఈ మధ్యలో ఆ పిల్ల ఎంత పని నేర్చుకుని ఉంటుందో మీ వ్యాసకర్తకు తట్టనే లేదా? 1953కల్లా 'దేవదాసు'లో పార్వతి అయింది.

ఇక 'మిస్సమ్మ'. హీరోయిన్ మేరీగా వేయాల్సిన భానుమతి గారికీ నిర్మాత చక్రపాణి గారికీ చెడ్డాక, రెండో వేషానికి తీసుకున్న సావిత్రిని మేరీగా మార్చి, ఆ రెండోది జమున గారికిచ్చారు. అవకాశం అలా రావడం అదృష్టమే, కాదనను. కానీ అంతటి భానుమతి గారు వదిలిన వేషంలో ఆ చిరాకూ ఆ మొండితనమూ పండించి, తెలుగులోనూ తమిళంలోనూ మెప్పించడం మాత్రం అదృష్టంతో అయ్యే పని కాదు.

'మాయాబజార్' (1957)లో మాయా శశిరేఖను, అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి, ఇంకోసారి చూడండి. చీర కట్టుకున్న ఆడపిల్లే, కానీ ఎవరూ చూడట్లేదనుకోగానే భుజాలు విరిచి, కనుబొమ ఎగరేసి, అచ్చం ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావులా అడుగులేస్తుంది. మళ్ళీ ఎవరో రాగానే సిగ్గు! డైలాగు అక్కర్లేకుండానే అర్థమైపోతుంది. దీని గురించి మీ రెండు పేజీల్లో ఒక్క వాక్యం లేదు.

మేముండేది వడపళనిలో. వాహినీ స్టూడియో ఫ్లోర్లున్న చోట ఇప్పుడు ఆస్పత్రి, మాల్ ఉన్నాయి. అటు వెళ్ళే మన తెలుగు పిల్లలకు 2018లో వచ్చిన 'మహానటి' పుణ్యమా అని ఆమె పేరు తెలుసు, ఆమె ఎంత కష్టపడి పైకొచ్చిందో చెప్పే పని పత్రికలది కదా. డిసెంబరు 26న వర్ధంతికి మీరు ఎలాగూ మళ్ళీ ఏదో ఒకటి వేస్తారు. ఈసారి 1950 నుంచి 1957 దాకా ఆ ఏడేళ్ళ మీద రాయించండి. ఆ కోమా ఫొటో మాత్రం దయచేసి వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, వడపళని, చెన్నై