చల్లటి గదిలో కనిపించని వైకల్యం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. మా చెల్లెలికి మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. ఎమ్మెస్ అంటారు, ఇదొక నరాల జబ్బు. ఈ జబ్బు ఉన్నవాళ్లు ఎండాకాలంలో పడే అవస్థ వైకల్య పరీక్షలో లెక్కకు రావడం లేదు. అది చెప్పుకుందామనే ఈ లేఖ.

చెల్లెలు బ్లౌజులు కుడుతుంది. జనవరిలో చూస్తే జబ్బు మనిషని ఎవరూ అనుకోరు. రోహిణి కార్తెలో పొద్దున పదకొండు కాకముందే కళ్లు మసకబారి సూదిలోకి దారం ఎక్కదు, గోడ పట్టుకుని కాళ్లు ఈడుస్తుంది. తడి తువ్వాలు మెడకు చుట్టుకుని ఫ్యాను కింద కాసేపు పడుకుని లేస్తే, అదే సూదిలోకి మళ్లీ దారం ఎక్కిస్తుంది.

ఇది నటన కాదండీ. ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీదుండే మైలిన్ పొరను తినేస్తుంది. పొర పోయిన నరంలో ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతాలు నిలిచిపోవచ్చు. జర్మన్ కంటి వైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే దీని గురించి రాశారు. మన జిల్లాల్లో మే నెలలో 43, 44 డిగ్రీలు కొత్తేమీ కాదు.

ఒళ్లు చల్లబడితే ఇది తగ్గుతుంది. జబ్బు నిజంగా తిరగబెడితే అలా కాదు, కొత్త బలహీనత 24 గంటలు దాటినా పోదు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఎక్కించాల్సి రావచ్చు. మధ్యలో ఇంకో చిక్కుంది. జ్వరం వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పాత లక్షణాలే పైకి తేలతాయి. అది చూసుకోకుండా స్టెరాయిడ్ ఇస్తే ఇన్ఫెక్షన్ ముదిరే ప్రమాదం. ఈ తేడా మండల స్థాయి డాక్టర్లకు, నర్సులకు నేర్పించండి. వానాకాలపు వైరల్ జ్వరాల తర్వాత జబ్బు నిజంగానే తిరగబెట్టవచ్చు కాబట్టి అక్టోబరు నుంచి మరీ జాగ్రత్త కావాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎమ్మెస్ పేరుంది. కానీ సర్టిఫికెట్ కోసం వెళితే చెల్లెల్ని ఏసీ గదిలో నాలుగడుగులు నడిపించి, "బాగానే నడుస్తున్నావు కదమ్మా" అన్నారు. ఆ గదిలో నిజంగానే నడిచింది. బయటికొచ్చి బస్టాండు చేరేలోపు నా భుజం మీద వాలిపోయింది. ఆమెకు అన్నిటికంటే బాధ కలిగించింది అబద్ధం చెబుతున్నట్టు వాళ్లు చూసిన చూపే.

అయ్యా, వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే సదరం పరీక్షలో ఎమ్మెస్ ఉన్నవాళ్లకు ఆ రోజు నడకతో పాటు ఎమ్మారై, ఏడాది పొడుగునా న్యూరాలజిస్ట్ రాసిన చీటీలు, ఎండల్లో పరిస్థితి కూడా చూడాలని రాతపూర్వకంగా ఆదేశించండి. వాళ్లను రేకుల షెడ్డు కింద క్యూలో నిలబెట్టవద్దు.

చలి దేశాల్లో ఈ జబ్బు వసంతం మొదట్లో ఎక్కువగా తిరగబెడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మన ఎండలు, మన వానలు వేరు. ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రుల్లో ఏ నెలలో ఎవరికి తిరగబెట్టిందో, అప్పుడు జ్వరం ఉందో లేదో, రక్తంలో డి విటమిన్ ఎంతుందో ఒక రిజిస్టర్‌లో రాయించండి. వచ్చే ఎండాకాలానికి ముందే మొదలుపెట్టించగలరని కోరుతూ,

కావలి నుంచి ఒక అన్న