తాళం తీయకుండా అమ్మిన ట్యాబ్‌లకు బాధ్యులెవరు? కేంద్ర ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, మేము డబ్బు పెట్టి కొన్న వాడిన ట్యాబ్‌ల మీద, అవి ముందు ఉన్న కంపెనీ వేసిన డిజిటల్ తాళం అలాగే ఉండిపోయింది. దాని గురించి అర్జీలు పెట్టి పెట్టి, చివరికి నలుగురికీ తెలిసేలా రాయడమే మేలనిపించి ఈ లేఖ రాస్తున్నాను. ఒక చోట ఇది సాంకేతిక సమస్య, మా పరిధి కాదన్నారు. ఇంకో చోట ఇది మీకూ దుకాణదారుకూ మధ్య వ్యవహారం, మేమేం చేయగలమన్నారు. పోలీసుల దగ్గరికి వెళితే అది దొంగ సరుకేమోనని మమ్మల్నే అనుమానంగా చూశారు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదు ‘పరిష్కరించబడింది’ అన్న ముద్రతో మూసేశారు. ఏం పరిష్కరించారో ఈ రోజుకీ మాకు తెలియదు.

మా మండల కేంద్రంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం ఒక చదువుల గది నడుపుతున్నాం. కొత్త ట్యాబ్‌లు కొనే స్తోమత లేదు. పూర్వ విద్యార్థులు, కూలి పనులకు వెళ్లే తల్లిదండ్రులు వేసుకున్న చందాతో హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో వాడిన ట్యాబ్‌లు తీసుకున్నాం. ఒక్కోటి 8,500 రూపాయలు. బిల్లు ఉంది. వెనకవైపు ఏదో స్టిక్కర్ గీకేసిన జిగురు మరక ఉంటే, ఆఫీసులో వాడినవి, శుభ్రంగా ఉంటాయని చెప్పారు. పిల్లలు వాటిలో పాఠాలు విన్నారు, నోట్సు రాసుకున్నారు. ఆ తర్వాత ఒక ట్యాబ్ మొరాయిస్తే రీసెట్ చేశాం, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాం. వైఫై తగలగానే తెర మీద ఒక కంపెనీ పేరు వచ్చింది. ఈ పరికరం తమ నిర్వహణలో ఉందని, ఉద్యోగి ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వాలని అడిగింది. ఆ తెర దాటి ముందుకు పోయే దారే లేదు. గ్రూప్స్‌కు చదువుతున్న ఒక అమ్మాయి, “సార్, ఈ కంపెనీలో మనకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మిగతావి రీసెట్ చేయడానికి భయపడుతున్నాం. వాటిలోనూ కొన్నింటిలో కెమెరా తెరుచుకోదు, కొత్త యాప్ వేయబోతే అడ్మిన్ (కంపెనీ తరఫున వాటిని అదుపు చేసే వ్యక్తి) అనుమతి లేదంటాయి.

ఈ తాళం ఎందుకు పుట్టిందో మాకు అర్థమైంది. కంపెనీ కొన్న ట్యాబ్ సీరియల్ నంబరు తయారీదారు సర్వర్లో ఆ కంపెనీ పేరు మీద నమోదై ఉంటుంది. ట్యాబ్‌లో ఉన్నదంతా చెరిపేసినా సర్వర్లోని ఆ నమోదు చెరగదు. మళ్లీ ఇంటర్నెట్ తగలగానే ట్యాబ్ ఆ సర్వర్‌ను అడుగుతుంది, నువ్వు ఫలానా కంపెనీ సొత్తువని జవాబు వస్తుంది. ఉద్యోగి బస్సులో పోగొట్టుకున్నా, ఎవరైనా ఎత్తుకుపోయినా కంపెనీ సమాచారం బయటపడకుండా ఇది కాపాడుతుంది. ఆ ఏర్పాటును మేము తప్పుపట్టడం లేదు. కానీ దొంగకు వేసిన తాళం, డబ్బు పెట్టి కొన్నవాడి మీద ఎందుకు ఉండాలి? అమ్మేసేటప్పుడు కంపెనీ ఐటీ విభాగం తన పోర్టల్‌లోకి వెళ్లి ఆ సీరియల్ నంబరును విడుదల చేస్తే పని అయిపోతుంది. ఆ పనిని తప్పనిసరి చేసే నిబంధన మాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ కంపెనీకి ఉత్తరం రాశాం. బిల్లు, ఫోటో, సీరియల్ నంబర్లు జతచేశాం. మీరు మా ఉద్యోగి కాదు కాబట్టి ఈ అభ్యర్థనను స్వీకరించలేమని హెల్ప్‌డెస్క్ నుంచి యంత్రం పంపినట్టున్న సమాధానం వచ్చింది. వాళ్ల ఆఫీసు గేటు దగ్గర లోపల ఎవరిని కలవాలో పేరు చెప్పమన్నారు. పేరు తెలిస్తే గేటు దాకా వచ్చేవాళ్లమే కాదు. దుకాణదారు లాట్‌లో, అంటే గంపగుత్తగా తెచ్చానంటాడు, లాట్ అమ్మిన వ్యాపారి ఫోను ఎత్తడు. ట్యాబ్ తయారీదారు మాత్రం ఆ సంస్థే విడుదల చేయాలి, మేము చేయలేమన్నారు. అందరూ తలా ఒక మెట్టు చూపించారు, ఎక్కి చూస్తే పైన తలుపు లేదు. ఇక మిగిలింది, డబ్బిస్తే ‘బైపాస్’ చేసి, అంటే తాళం తీయకుండానే ఆ తెరను దాటించి ఇస్తామనే మనుషులు. అది చేయిస్తే మళ్లీ ఏదో అప్‌డేట్‌కో రీసెట్‌కో అదే తెర తిరిగి వస్తుంది. మా చేతిలో ఉన్నవి అలా ‘బైపాస్’ చేసి అమ్మినవేనని ఇప్పుడు అనిపిస్తోంది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, అంతకన్నా భయపెట్టే విషయం ఒకటుంది. కంపెనీ అదుపులో ఉన్న ట్యాబ్‌లో ఏ యాప్‌లు ఉన్నాయో అడ్మిన్ చూడగలడు, దూరం నుంచే మొత్తం చెరిపేయగలడు, పోయిందని గుర్తుపెడితే అది ఎక్కడుందో కూడా తెలుసుకోగలడు. అలాంటి పరికరంలో పద్దెనిమిదేళ్లు నిండని ఇంటర్ పిల్లలు చదువుకుంటున్నారు. మీ శాఖ తెచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. మా పిల్లల తల్లిదండ్రులు ఆ కంపెనీ పేరైనా వినలేదు.

పాత బండి కొనేటప్పుడు ఆర్‌సీ చూస్తాం. ఫైనాన్స్ ఉంటే అందులో కనిపిస్తుంది, ఫారం 35 ఇచ్చి దాన్ని తీయించుకునే పద్ధతి ఉంది. పొలం కొనేటప్పుడు దాని మీద తాకట్లేమైనా ఉన్నాయేమో చూపే ఈసీ తీసుకుంటాం. ట్యాబ్‌కు ఏం చూడాలి? ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకు ఉండే గుర్తింపు నంబరు) కొట్టి చూసుకోమంటారు. అందులో తెలిసేది పోయిన, బ్లాక్ చేసిన ఫోన్ల సంగతి. కంపెనీ తాళం సంగతి అందులో రాదు. పైగా వైఫైతో మాత్రమే నడిచే ట్యాబ్‌లకు అసలు ఐఎంఈఐ ఉండదు, మావి అలాంటివే. సామాన్యుడు డబ్బు ఇచ్చే ముందు తెలుసుకునే మార్గమే లేనప్పుడు, చూసుకుని కొనాల్సిందని మాకు బుద్ధి చెప్పడం న్యాయమా?

2022 ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత పరికరాలను బాగుచేసి అమ్మేవారు కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలన్నారు. 2022 డిసెంబరులో, వస్తువులు బాగుచేయించుకునే వివరాలు దొరికే రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చారు. వస్తువు ఆయుష్షు పెంచాలనే కదా ఇవన్నీ! బ్యాటరీ బాగున్న, గాజు పగలని ట్యాబ్ ఒక్క నమోదు చెరపకపోవడం వల్ల చెత్తలోకి పోతుంటే ఆ నిబంధనల ఉద్దేశం ఎలా నెరవేరుతుంది? ల్యాప్‌టాప్‌లకూ ఇదే గతి పడుతోంది.

మేము అడుగుతున్నది పెద్ద పని కాదు. వాడిన పరికరాలను అమ్మే ప్రతి సంస్థా వాటిని తన నిర్వహణ నుంచి విడుదల చేశాకే అమ్మాలని, సీరియల్ నంబర్లతో సహా ఆ ధ్రువీకరణ పత్రం కొన్నవారికి ఇవ్వాలని నిబంధన పెట్టండి. సీరియల్ నంబరు కొడితే తాళం ఉందో లేదో తెలిసేలా తయారీదారుల చేత ఏర్పాటు చేయించండి. కంపెనీ పేరు చూపనక్కర్లేదు, ఉందా లేదా అన్నది తెలిస్తే చాలు. ఇప్పటికే కొని నష్టపోయినవాళ్లు బిల్లు చూపిస్తే కంపెనీ ఇన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలని గడువు పెట్టండి. మా బిల్లు, సీరియల్ నంబర్లు ఎప్పుడు అడిగినా పంపడానికి సిద్ధంగా ఉన్నాం.

దయచేసి ఈ లేఖను ఇంకో విభాగానికి బదిలీ చేసి వదిలేయకండి. బదిలీ చేయక తప్పదనుకుంటే, ఇది ఏ శాఖ బాధ్యతో రాతపూర్వకంగా తెలియజేయండి. పిల్లలకు పరీక్షలు దగ్గరపడుతున్నాయి.

ఇట్లు,
చదువుల గది నిర్వాహకుల తరఫున
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు