తెల్ల గట్టు గురించి బుజ్జికి

ఒంగోలు,
ఆదివారం

బుజ్జీ,

నువ్వు పంపిన ఫోటోలు మీ అమ్మా నేనూ ఒకే కళ్ళజోడు మార్చుకుంటూ చూశాం. తెల్లటి వంటగట్టు, దాని మీద బూడిదరంగు చారలు. "పసుపు ఒలికితే?" అంది మీ అమ్మ. "కోసేది ఎవరు?" అన్నాను నేను. ముప్పై ఏళ్ళు చీమకుర్తి గెలాక్సీ అనే మన నల్ల గ్రానైట్ కోసి నిన్ను చదివించినవాణ్ణి. నువ్వు గ్రానైట్ వద్దు, క్వార్ట్జ్ కావాలన్నావని నాకేం చిన్నతనం లేదులే. ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని సగం వదిలేస్తావని కాగితం తీశాను.

ఈ క్వార్ట్జ్ పలక గనిలోంచి తీసిన రాయి కాదమ్మా. పలుగురాయిని నలగ్గొట్టి, ఆ పొడికి నూటికి ఏడు నుంచి పది పాళ్ళు రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురు, కాస్త రంగు కలిపి, గాలి లాగేసి, వణికిస్తూ నొక్కి, ఓవెన్‌లో గట్టిపరిచిన పలక. ఇటలీవాళ్ళ పద్ధతి. ఇప్పుడు మన విశాఖ పక్కన అచ్యుతాపురంలోనూ చేస్తున్నారు. పలుగురాయి ఉంది కాబట్టి కత్తికి లొంగదు. రెజిన్ ఉంది కాబట్టి నీళ్ళూ నూనే తాగదు, గ్రానైట్‌కి కొట్టినట్టు మరకలు ఇంకకుండా సీలర్ పూత కొట్టించే పని లేదు. అయితే వేడికి ఓడిపోయేదీ ఆ రెజినే. 150 డిగ్రీలు దాటితే దానికి గండం. పూరీలు వేయించిన మూకుడు దించి నేరుగా పెట్టావో, గుండ్రంగా మచ్చ పడుతుంది. ఆ మచ్చ పాలిష్ పట్టినా పోదు.

షాపువాడు చెప్పేది విను, నమ్మకు. పాలరాయి పొడితో చేసినదాన్ని కూడా క్వార్ట్జ్ అనే అమ్ముతున్నారు. అరచేయంత ముక్క అడిగి ఇంటికి తెచ్చుకో. స్టీలు కత్తి మొనతో గట్టిగా గీయి. సబ్బు పెట్టి రుద్దితే పోయే గీత కత్తిది, రుద్దినా మిగిలే గీత రాయిది. తర్వాత ఒక మూల నిమ్మచెక్క బోర్లించు, ఇంకో మూల పసుపూ నూనే కలిపి పూయి, తెల్లారేదాకా వదిలెయ్. నిమ్మచెక్క కింద మెరుపు చచ్చిపోతే అందులో పాలరాయి ఉన్నట్టే. డబ్బులిచ్చేది ఈ ముక్క సంగతి తేలాకే. పలకలన్నీ ఒకే బ్యాచ్‌వి తీసుకో. లేకపోతే ఒకటి పాల తెలుపు, ఒకటి సున్నం తెలుపు వస్తాయి.

ఇక నా గొడవ. మేస్త్రీ మీ బాల్కనీలో గ్రైండర్ పెట్టి పొడిగా కోస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ దుమ్ము సిలికా, అంటే పలుగురాయి పొడే. గ్రానైట్‌లో అది ఇంతకంటే చాలా తక్కువ, మన గెలాక్సీలో మరీ తక్కువ. ఇందులో నూటికి తొంభై పాళ్ళ దాకా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దానికి మందు లేదు. ఇదే కారణంతో ఆస్ట్రేలియాలో 2024 జులై 1 నుంచి ఈ పలకల తయారీ, అమ్మకం, బిగింపు అన్నీ నిషేధించారు. మన షెడ్డులో నాతో పదకొండేళ్ళు పనిచేసిన కుర్రాడు నీకు గుర్తుండాలి, నిన్ను సైకిల్ మీద బడికి దించేవాడు. క్వార్ట్జ్ పని కొత్తగా వచ్చిన రోజుల్లో వాడు దుమ్మని అంటే, "తువ్వాలు కట్టుకోరా, చాలు" అన్నాను. తువ్వాలు ఆ దుమ్మును ఆపదు. అప్పటికి నాకు తెలియదు, నిజమే. కానీ ఆ మాట అన్నది నేనేగా. ఇప్పుడు వాడు మేడ మెట్లు నాలుగెక్కి కూర్చుంటున్నాడు.

అందుకని ఫ్యాక్టరీలోనే, నీళ్ళు పోస్తూ కోసి, అంచులు కూడా అక్కడే పాలిష్ చేయించి తెమ్మను. నాలుగు వేలు ఎక్కువడిగితే ఇవ్వు, బేరమాడకు. కొలతలు తీసేరోజు నాకు వీడియో కాల్ చెయ్. సింకుకీ పొయ్యికీ కోసే కంతల లోపలి మూలలు గుండ్రంగా ఉండాలి. చాకుతో కోసినట్టు మూల తీస్తే పగులు అక్కడే మొదలవుతుంది. అతుకు సింకు మీదికి రానివ్వకు.

రోజూ తుడవడానికి గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ. పసుపు మరక పడితే వంటసోడా ముద్ద. బ్లీచింగ్, యాసిడ్ దాని దగ్గరికి కూడా తేవద్దు. ఎండ తగిలే బాల్కనీ గట్టుకీ ఇదే రాయి అన్నావు కదా, వద్దు, ఎండకి తెలుపు పచ్చబడుతుంది. అక్కడ మాత్రం మీ నాన్న రాయి వేయించు.

అన్నట్టు, షెడ్డులో మిగిలిన గెలాక్సీ ముక్క ఒకటి అడుగు బై అడుగున్నర కోసి, కింద నాలుగు రబ్బరు బుష్‌లు అంటించాను. పొయ్యి పక్కన పెట్టుకుని కుక్కర్ దాని మీద దించుకో. బస్సులో బరువని మీ అమ్మ గోల, సంక్రాంతికి కారులో తెస్తాను.

నాన్న